గుమ్మంలో కుర్చీ

గవర్రాజు చేతులు మళ్లీ గాల్లో లేచాయి.

వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కుడిచెయ్యి మెల్లగా పైకెత్తాడు. వేలు గుండ్రంగా తిప్పాడు. ఆ వెంటనే గుప్పిట మూశాడు.

"ఏటి నాన్నా అది?" హాల్లోంచి అడిగింది నాగశ్రీ.

ఆయన ఉలిక్కిపడి చేతులు ఒళ్లో పెట్టేసుకున్నాడు. "ఏటీ లేదమ్మా. అలవాటు."

అలవాటే మరి. గవర్రాజు పోర్టులో సిగ్నల్‌మేన్‌గా చేసి రిటైరయ్యాడు. ఆ మోతలో ఎంత అరిచినా వినపడదు గనక, ఆయన కింద నిలబడి సైగ చేస్తే పైనున్న క్రేన్ డ్రైవరు బరువు ఎత్తేవాడు, దించేవాడు. ఇంట్లో భోజనాల దగ్గరా అంతే. కూర కావాలన్నా, చారు చాలన్నా వేళ్లే తప్ప నోరు లేచేది కాదు. "మీ నాన్నకి ఇల్లూ పోర్టే" అని నవ్వేది కనకరత్నం. ఆ రోజులు వేరు. రిటైరై ఇన్నేళ్లయ్యాక, మల్కాపురం ఇంట్లో కూర్చుని లేని క్రేన్‌కి సైగలు చేస్తుంటే కన్నకూతురు ఏమనుకోవాలి?

ఇదొక్కటే అయితే సరిపెట్టుకునేదే. నాగశ్రీ రుషికొండలో ఉద్యోగం చేసుకుంటూ అక్కడే ఒక్కతీ ఉంటోంది. ప్రతి ఆదివారం వస్తుంది. గేటు చప్పుడవగానే ఆయన గట్టిగా, "రత్నం, మన నాగశ్రీ వొచ్చింది! మన కూతురు నాగశ్రీ!" అంటాడు. ప్రతిసారీ అదే పాట. మరిచిపోకుండా తనకు తనే చెప్పుకుంటున్నాడు కాబోలని ఆమె గుండె కలుక్కుమంటుంది. మొన్నామధ్య టీలో ఉప్పు పడింది. "నానే ఏసీసేనమ్మా, పంచదార అనుకొని" అని తలొంచుకున్నాడు. అంతకుముందు గ్యాస్ ఆపకుండా వదిలేసిందీ ఆయనేనట. అడగ్గానే ఒప్పేసుకున్నాడు.

అమ్మని చూస్తే మరీ జాలి. ఏ పని చేస్తున్నా క్షణానికోసారి ఆయన వంకే చూస్తుంది. మాటలు కూడా తగ్గించేసింది. ఆయన్ని కనిపెట్టుకుని ఉండడంతోనే పొద్దంతా గడిచిపోతోంది పాపం.

తమ్ముడు గోపి సబ్బవరంలో ఉంటాడు. అక్కడ కొత్తగా పెట్టిన వృద్ధాశ్రమం ఒకటి చూసొచ్చాడు. నర్సులున్నారు, డాక్టరు వచ్చి వెళ్తాడు. నాన్న అక్కడ, అమ్మ నాగశ్రీ దగ్గర. అక్కాతమ్ముళ్లు ఫోన్లోనే తేల్చేశారు.

ఆ మాట చెబితే గవర్రాజు గొడవేమీ చెయ్యలేదు.

"నన్ను ఎక్కడైనా పడీయండమ్మా. మీ అమ్మనీ నన్నూ ఒక్క సోటే ఉంచండి. ఇడదియ్యొద్దు."

"అమ్మకి కాస్త విశ్రాంతి ఇవ్వవా నాన్నా? నీ ధ్యాసలోనే ఉండి ఎలా అలిసిపోతందో చూడు."

ఆయన ఏదో చెప్పబోయాడు. పక్కనే కూర్చున్న కనకరత్నం వంక చూశాడు.

తర్వాతి ఆదివారం గోపి కారు తెచ్చాడు. "ఊరికే చూసొద్దాం నాన్నా. సాయంత్రానికి వచ్చీవొచ్చు" అన్నాడు.

గవర్రాజు చెప్పులేసుకుని వాకిలి దాకా వెళ్లి, మళ్లీ వెనక్కొచ్చి కనకరత్నం చెయ్యి పట్టుకున్నాడు. "బేగొచ్చేత్తాను రత్నం. అందాకా నువ్వేటీ సెయ్యొద్దు. కూకో."

పిల్లల ముందు ఆయన అమ్మ చెయ్యి పట్టుకోవడం నాగశ్రీ ఎన్నడూ చూడలేదు. ఇదీ ఆ మతిమరుపు జబ్బేననుకుంది. ఏడుపొచ్చింది. ఎలాంటి మనిషి ఎలా అయిపోయాడు!

కారు వెళ్లిపోయింది. ఇల్లు బావురుమంది.

"టీ పెట్టమ్మా, ఇద్దరం తాగుదాం" అంది నాగశ్రీ, ఏదో ఒక మాట వినపడాలని.

కనకరత్నం నవ్వింది. లేచి వంటింట్లోకి వెళ్లింది. ఎంతసేపటికీ గిన్నె చప్పుడు లేదు. స్టవ్ వెలిగించిన చప్పుడూ లేదు. నాగశ్రీ లేచి వెళ్లి తొంగి చూసింది.

వెలగని స్టవ్ ముందు, గిన్నె చేత్తో పట్టుకుని, కనకరత్నం గుమ్మంలోని ఖాళీ కుర్చీ వైపే చూస్తూ, తర్వాత ఏం చెయ్యాలో చెప్పే ఆ చేతులు ఎప్పుడు లేస్తాయా అని ఎదురు చూస్తోంది.