గ్లాండు దగ్గర బావ

బావ టెస్టు ట్యాంకు ముందు కూర్చుని, కారుతున్న గ్లాండు నట్టును స్పానరుతో బిగిస్తున్నాడు. మొహం దాదాపు దానికి ఆనించాడు. వెనకనుంచి వచ్చిన బావమరిది అతని డొక్కలో ఒక్క తన్ను తన్నాడు. బావ పల్టీ కొట్టి సామాన్ల ట్రాలీ మీద పడ్డాడు. ముక్కు చితికి రక్తం బొటబొటా కారింది.

అదే క్షణంలో చెవులు పగిలేంత చప్పుడైంది. ఫైబర్ కేబుల్ పోగులను ట్యాంకు గోడలోంచి బయటికి తెచ్చే ఆ ఇత్తడి గ్లాండు ఊడి, ఇందాక బావ తల ఉన్న చోటు మీదుగా తూటాలా దూసుకెళ్ళి ఎదుటి గోడలో దిగబడింది. తెగిన పోగులు ట్యాంకు కన్నంలోంచి వేలాడాయి.

వర్క్‌షాపంతా పరుగెత్తుకొచ్చింది.

"లోపల ప్రెషర్ ఉండగా నట్టు బిగిస్తావా? బుద్ధుందా నీకు?" అని ఫోర్‌మన్ బావను తిట్టిపోశాడు. బావమరిదిని మాత్రం వీపు తట్టి మెచ్చుకున్నాడు. "సమయానికి తన్నావయ్యా! లేకపోతే వీడి బుర్ర గోడకి అంటుకునేది."

బావ రక్తం తుడుచుకుంటూ వచ్చి బావమరిది చెయ్యి పట్టుకున్నాడు.

"ప్రాణం పోశావురా! ఇంటికెళ్ళగానే మీ అక్కకి చెప్పాలి."

"అక్క నీ ఇంట్లో లేదు. పగిలిన పెదవితో, విరిగిన చేత్తో పొద్దున్నే మా గుమ్మంలోకొచ్చి పడింది. దాన్ని ఆసుపత్రిలో చేర్చి తిన్నగా ఇక్కడికే వచ్చా. నీ నట్టూ చూళ్ళేదు, నీ ప్రెషరూ చూళ్ళేదు."

బావ చెయ్యి వదిలేశాడు.

బావమరిది గోడలో దిగిన గ్లాండు వంక చాలాసేపు చూశాడు.

"తొందరపడ్డాను బావా," అన్నాడు. "ఒక్క క్షణం ఆగాల్సింది."