మాస్టారి పార్కింగ్

నిన్న పోలీసులు ఆపి గొట్టంలో ఊదమన్నప్పుడు కూడా డ్రైవింగ్ స్కూలు మాస్టారు తగ్గలేదు.

“ఎంత తాగినా నా చెయ్యి తడబడదు సార్. పొద్దున లేచి చూస్తే కారు మా గేటు లోపల గీత గీసినట్టు నిలబడి ఉంటుంది. కావాలంటే మా ఆవిణ్ణి అడగండి” అన్నారు.

ఇప్పుడు ఆ ఆవిడే స్టేషన్లో ఆయన పక్కన నిలబడి ఉంది. మాస్టారు తలెత్తడం లేదు.

“మీ లైసెన్సు మా దగ్గరే ఉంటుంది. మరి కారెవరు తీసుకెళ్తారు?” అడిగాడు ఎస్సై.

మాస్టారి దగ్గర నేర్చుకున్నవాళ్లు ఊరంతా ఉన్నారు. ఎవరిని పిలిచినా సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. జేబులోంచి ఫోను తీసి, మళ్లీ లోపల పెట్టేసుకున్నారు.

భార్య తన బ్యాగులోంచి లైసెన్సు తీసి బల్ల మీద పెట్టింది.

దారి పొడుగునా పక్క సీట్లో ఆయన కాలు అక్కడ లేని బ్రేకు కోసం వెతుకుతూనే ఉంది. ఒక్కసారీ అవసరం పడలేదు. ఇంటి ముందు ఆమె కారును వెనక్కి తిప్పి, ఒక్క ఊపులో గేటు లోపలికి తెచ్చి, గోడకీ కుళాయికీ మధ్య ఆపింది. గీత గీసినట్టు.

“ఎక్కడ నేర్చుకున్నావు?” అన్నారు మాస్టారు.

“పక్క వీధి స్కూల్లో. తాగొచ్చినప్పుడల్లా మీరు కారుని రోడ్డుకి అడ్డంగా వదిలేసి పడుకునేవారు. తెల్లారితే నలుగురూ చూస్తారని నేనే లోపల పెట్టేదాన్ని.”

ఆమె తాళం తీసి తన బ్యాగులో వేసుకుంది.

“ఒక్కసారైనా అలా అడ్డంగానే ఉంచేయాల్సింది.”