వెనక సీట్లో శిష్యరికం

“బ్రేకు! బ్రేకు తొక్కండమ్మా!” వెనక సీట్లోంచి గావుకేక పెట్టాడు చిటపట.

“అరవొద్దని మీ అక్కగారు చెప్పారు కదా బాబూ,” అన్నాడు ముందు సీట్లోని శాంతం మాస్టారు, తల కూడా తిప్పకుండా.

ఆ డ్రైవింగ్ స్కూలు చిటపట అక్కదే, అతనూ అందులో మాస్టారే. అతని దగ్గర నేర్చుకున్నవాళ్లు ఏడుస్తూ ఇంటికి పోవడమే తప్ప పరీక్ష పాసైన పాపాన పోలేదు. ఈ కొత్త మాస్టారు వచ్చాక అందరూ పాసే! పొద్దున్నే అక్క తెగేసి చెప్పింది: “ఆయన వెనక కూర్చుని ఓర్పు నేర్చుకో. లేదంటే రేపట్నుంచి కార్లు కడుక్కో.” కారు నడపడంలో తనను మించినవాడు లేడే! అలాంటివాడు బకెట్టు మొయ్యాలా?

స్టీరింగు ముందున్నది ఓ బడి టీచరమ్మ. చిటపట దగ్గర నేర్చుకుని పరీక్ష తప్పిన మనిషి. ఇవాళ మళ్లీ పరీక్ష. కారు తిన్నగా చెత్తకుండీ మీదికి పోతోంది. నేర్పేవాళ్లు ఆపడానికని మాస్టారి వైపు కూడా పెడళ్లున్నాయి. ఆయనేమో సీటు మీద ఎంచక్కా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు! వెనక చిటపట ఒట్టి నేలనే తొక్కి తొక్కి చస్తున్నాడు.

“మాస్టారూ, గుద్దేస్తున్నా!”

“మీ ఇష్టమమ్మా.”

టీచరమ్మ గభాలున తనే బ్రేకు తొక్కింది. కుండీకి జానెడు దూరంలో కారు ఆగింది.

మధ్యాహ్నం ఆమె పాసై వచ్చి, చిటపటకే మొహమ్మీద చెప్పింది. “మీరైతే నాకంటే ముందే తొక్కేసేవారు. నాకిక పనేముంది? ఈయన తొక్కరు. నేను తొక్కకపోతే అందరం పోతామని తెలిసిపోయింది, అంతే, వచ్చేసింది!”

అక్క బకెట్టు తెచ్చి గుమ్మంలో పెట్టింది.

చిటపట పరుగున పోయి మాస్టారి కాళ్లు పట్టుకున్నాడు. “గురువుగారూ, నా ఉద్యోగం మీ చేతుల్లో ఉంది. ప్రాణాల మీదికొచ్చినా ఈ కాళ్లు కదల్లేదే! అంత నిబ్బరం ఎలా వచ్చింది? ఆ కిటుకేదో చెప్పండి, చచ్చి మీ కడుపున పుడతాను.”

మాస్టారు అటూ ఇటూ చూశాడు. తలుపు దగ్గరగా వేసి, అతని చెవి దగ్గరికి వంగాడు.

“ఆ పెడళ్లలో బ్రేకేదో నాకు తెలీదు బాబూ.”