తాబేలు తల ఊపేదాకా

పిల్లలూ, మన ఊరికి ఇంత దూరంలో మీకు ఈ కథ చెప్పేవాళ్లు లేరు. అందుకని మీ అమ్మనైన నేనే చెబుతున్నాను.

ఒక చెరువులో ముసలి తాబేలు ఉండేది. నీళ్ల సంగతులన్నీ దానికి తెలుసు కానీ, చెప్పడం మొదలుపెడితే వినేవాళ్లు నిద్రపోయేవాళ్లు. అందుకని ఒక గోరింక ఆ మాటలను కుదించి, గట్టు మీద అందరికీ ఏమీ తీసుకోకుండా వినిపించేది. చెప్పబోయే మాట ముందు తాబేలుకు చెప్పి, అది తల ఊపాకే ఎగిరేది.

ఒక వేసవిలో తూర్పు గట్టున చేపలు చచ్చి తేలాయి.

"తూర్పు నీళ్లు తాగొద్దని చెప్పనా తాతా?" అంది గోరింక.

"పడమటి నీళ్ల సంగతి ఇంకా తెలియదని కూడా చెప్పు."

"తెలియదంటే నవ్వుతారు తాతా."

"నవ్వనీ. నేను వెళ్లి చూసొస్తాను." గోరింక సరేనన్నాక తాబేలు తల ఊపి మునిగింది.

గోరింక రెండు మాటలూ చెప్పింది. కప్ప పకపకా నవ్వింది. "తెలియనిదానికి ఇంత అరుపెందుకే? పడమటి నీళ్లు తేనెలా ఉన్నాయి, రండి!"

అందరూ అటే పరిగెత్తారు. పిల్లతో ఉన్న ఒక లేడి మాత్రం ఆగింది. "నిజంగా తెలియదా?"

"తెలియదమ్మా. తాత ఇంకా రాలేదు."

లేడి పిల్లను తీసుకుని దూరపు వాగుకు నడిచింది.

మర్నాటికి పడమట తాగినవాళ్లంతా జబ్బుపడ్డారు. తాబేలు మళ్లీ పైకి రాలేదు. గోరింక ఇప్పటికీ చెప్పబోయే మాట ముందు నీళ్లకు చెప్పి, కాసేపు ఆగుతుంది.

ఈ కథ మీ స్నేహితులకూ చెప్పండి. కప్ప ఏమైందని అడిగితే, అమ్మకు తెలియదని చెప్పండి.