ఇరవై ఒకటో సీటు

"అరవై వేలు. రూపాయి ఎక్కువడిగినా లేచి పో చాచా!"

నకిరేకల్‌ల తన గాజుల దుకాణంల కూసొని బషీరున్నీసా గట్టిగనే అన్నది.

ఎదురుంగ స్టూలు మీద ఉన్న ముసలాయన పేరు అబ్దుల్ హమీద్. నార్కట్‌పల్లి మనిషి. ఆమె ఆయనను చూసుడు గదే మొదలు. మక్కాకు ఉమ్రా యాత్ర పోను గుంపును కూడేస్తున్నడు.

"ఒక్కదానివే పోతే లక్షన్నర అయితది బేటీ. ఇరవై మంది గుంపుల పోతే లక్ష. టికెట్టు, వీసా, ఉండే జాగా, తిండి, అన్నీ అండ్లనే."

"ముప్పై ఏండ్ల సంది గాజులమ్ముతున్న. నాకు బేరం నేర్పకు."

నోరు గట్టిదే గాని ఆమె కాడ ఉన్నదే అరవై వేలు.

దుకాణం గోడకు మక్కా బొమ్మ కాలెండర్లు తొమ్మిది ఉన్నయి. ఏడాది అయిపోయినా ఆమెకు తీసి పారెయ్యబుద్ధి కాదు. గాజులు తొడిగేటప్పుడు గూడ ఒక కన్ను అటే. సచ్చేలోపు ఒక్కసారి కాబాను కండ్లార చూడాలె, ఇంకో కోరిక లేదామెకు. పాస్‌పోర్టు తీయించి బియ్యం డబ్బాల దాచుకొని మూడేండ్లాయె.

హమీద్ ఆ కాలెండర్ల దిక్కు జరసేపు చూసిండు. గడ్డం గోక్కున్నడు.

"సరే బేటీ. అరవైకే రా."

ఆమెకు సంతోషం తన్నుకొచ్చింది. ఆయన గడప దాటిండో లేదో, ఎనకనే అనుమానం గూడ వచ్చింది.

గాజుల బేరంల ఆమె నేర్చుకున్నది ఒక్కటే. అడగంగనే తగ్గించిండంటే వానికి మస్తు మిగులుతున్నట్టు.

"అయ్యో, యాభై అన్నా ఒప్పుకునేటోడే గదనే!" అని తలకాయ కొట్టుకున్నది.

అదే గుంపుల పోతున్న పక్కింటి ఫర్హానా అగ్గిల ఇంత నెయ్యి పోసింది.

"నీకు తెల్వదా ఆపా? ఇరవై మందిని కూడేసినోనికి ట్రావెల్సోళ్లు ఒక సీటు ఉత్తగ ఇస్తరు. గందుకే తిరుగుతున్నడు ముసలాయన."

"గదీ సంగతి! మన పైసలతోని ఆయన మక్కా చూసొస్తడన్నట్టు!"

పెదవి దాటిన మాట పృథివి దాటుతదంటరు. వారం తిరిగేసరికి ఊర్ల ఆయనకు 'ఉత్త సీటు చాచా' అని పేరు పడ్డది. పెట్టిన పుణ్యాత్మురాలు బషీరున్నీసానే.

పయనం దగ్గర పడ్డది.

యాత్రకు పోయేటోళ్లు అందరి కాడ మాఫీ అడుక్కొని పోవుడు రివాజు. బషీరున్నీసా ఇల్లిల్లు తిరిగింది. "అన్నది, విన్నది మాఫ్ చెయ్యిండ్రి" అన్నది. మోరీ నీళ్ల కాడ కొట్లాడి ఆరేండ్ల సంది మాట్లాడని జానమ్మ ఇంటికి గూడ పోయింది. జానమ్మ కావలించుకొని ఏడ్చింది.

ఒక్క హమీద్‌ను మాత్రం అడగలే.

"ఆయనే నన్ను అడగాలె మాఫీ" అన్నది ఫర్హానాతోని.

నిజంగ ఆయనే అడిగిండు.

శంషాబాద్ ఎయిర్‌పోర్టు తలుపు కాడ నిలబడి, ఎవరి పాస్‌పోర్టు వాళ్ల చేతుల పెడుతున్నడు హమీద్. మగోళ్లంత కుట్టులేని తెల్ల ఎహ్రాం బట్టలు చుట్టుకున్నరు. ఆయన మాత్రం పాత లాల్చీలనే ఉన్నడు. విమానంల మార్చుకుంటడు గావొచ్చు అనుకున్నది బషీరున్నీసా.

"బేటీ, నాతోని తప్పయితే మాఫ్ చెయ్. కాబా మొదటిసారి కంట్ల పడ్డప్పుడు అడిగిన దువా ఖాళీ పోదంటరు. గప్పుడు జర నా పేరు గూడ తియ్యి."

"నీకు నోరు లేదా చాచా? ఉత్తగనే పోతున్నవ్ గద. నువ్వే అడుక్కో!"

చుట్టున్నోళ్లు నవ్విండ్రు. హమీద్ గూడ నవ్విండు.

"పైలంగ పోయిరా బేటీ" అనుకుంట పక్కకు జరిగిండు.

లోపల సామాను అప్పజెప్పే వరుసల నిలబడ్డంక ట్రావెల్సోళ్ల మనిషి ఫహీం దగ్గరికొచ్చిండు. గుంపును ఎంబడుండి తోల్కపోయేది ఆయనే. బషీరున్నీసా చేతుల ఒక కవరు పెట్టిండు.

"గిదేంది బిడ్డా?"

"రియాల్లు ఖాలా, మక్కాల నడిచే పైసలు. నీ అరవై వేలు మార్పించిండు హమీద్ చాచా. ఆడ నీ ఖర్చులకని."

"మరి నా టికెట్టు?"

"నీదే ఇరవై ఒకటో సీటు. ఉత్తగ వచ్చేది. పైసలు సాలనోళ్లను ఎతికి ఏటా ఒకరికిస్తడు చాచా. ఉత్తగ అంటే నువ్వు రావని గప్పుడు పైసలు తీసుకున్నడంట."

బషీరున్నీసా వరుసంత ఎతికింది. ఆ పాత లాల్చీ యాడా లేదు.

ఎనక్కి తిరిగి తలుపు దిక్కు ఉరికింది. లోపలికొచ్చినోళ్లు బయటికి పోరాదని పోలీసాయన ఆపిండు. అద్దంల నుంచి చూసింది. బండ్లు వస్తున్నయి, పోతున్నయి. ఆయన లేడు.

"ఫోన్ చెయ్ బిడ్డా! జల్ది చెయ్! నేను మాఫీ అడగాలె!"

ఫహీం చేసిండు. మోగి మోగి ఆగిపోయింది.

"ఎత్తడు ఖాలా. ఏటా గుంపు పోయే రోజు ఎవలు చేసినా ఎత్తడు."

ఆమెకు ఏడుపు ఆగుతలేదు. కొంగుతోని మొఖం తుడుచుకున్నది. ఒక్క ఆశ మిగిలింది.

"పోనీ, ఇంతకుముందన్న పోయొచ్చిండా ఆయన? ఎన్నిసార్లు చూసిండు కాబాను?"

ఫహీం ఫోన్ జేబుల పెట్టుకున్నడు.

"పదేండ్ల కింద మొదటి గుంపప్పుడు తీయించుకున్న పాస్‌పోర్టు ఖాలా, ఒక్క ముద్ర గూడ పడకుండనే మొన్న రంజాన్‌కు దాని గడువు తీరిపోయింది."