మడుగు దగ్గర కాపలా

అడవికంతటికీ ఉన్నది ఒకటే మడుగు. దాన్ని సొంతం చేసుకున్న పులిని జంతువులన్నీ ఏకమై తరిమేశాయి. అంతదాకా పులికి కాపలా కాసిన రేచుకుక్కలు ఆఖరి నిమిషంలో ఇటు చేరాయి. జంతువులు వాటికి జేజేలు కొట్టాయి.

మర్నాడు పెద్దను ఎన్నుకుందామని అందరూ వస్తే, కుక్కలు మడుగు చుట్టూ నిలబడి ఉన్నాయి.

"పులి మళ్లీ రావచ్చు. పరిస్థితి చక్కబడేదాకా అంతా మేమే చూసుకుంటాం. ఇళ్లకు పొండి," అన్నాడు కుక్కల నాయకుడు.

"చక్కబడిందని ఎవరు చెప్పాలి నాయనా?" అని అడిగింది ముసలి ఏదుపంది.

"మేమే."

జింకలు తలలు వంచుకుని వెనుదిరిగాయి. ఏదుపంది మాత్రం ముళ్లు నిక్కబొడుచుకుని అక్కడే కూర్చుంది. కుక్కలు గుర్రుమంటూ దగ్గరికొచ్చాయి. అయినా అది కదల్లేదు.

వెళ్లిపోతున్న ఒక జింక ఆగి, వెనక్కి వచ్చి దాని పక్కన కూర్చుంది.

"పులిని తరిమింది మనమే కదా, అవ్వా," అంది.