వంటింట్లో వాన

“సినిమాలో వాన పడితే చప్పుడు ఎక్కడ వినపడాలి?” తలుపు తీస్తూనే నిలదీశాడు సర్వేయరు.

“మీ చుట్టూ వినపడాలండీ,” అన్నాడు మెకానిక్, పనిముట్ల సంచీ దించుతూ.

“మా వంటింట్లో పడుతోంది! గుర్రాలేమో కుడి నుంచి ఎడమకి పరిగెడుతుంటే, డెక్కల చప్పుడు ఎడమ నుంచి కుడికి పోతోంది. బొమ్మ ఒక దారి, మోత ఇంకో దారి. ఊళ్లో ఇన్ని షాపులుండగా ఏరికోరి నీ దగ్గర కొన్నాను చూడు, అదీ నా తెలివి!”

హోమ్ థియేటర్ బిగించి మూడు నెలలయింది. మెకానిక్ రావడం ఇది ఐదోసారి. మొదటిసారి పెద్ద బాక్సు మూగబోయింది. చూస్తే దాని వెనక సౌండు మర సున్నాకి తిప్పి ఉంది. రెండోసారి హీరో నోరు మూసుకున్నాక గానీ మాట బయటికి రాలేదు. ఆ తర్వాత రెండుసార్లు ఏం జరిగిందో మెకానిక్‌కే అంతుపట్టలేదు. వచ్చి వైరు ముట్టుకోగానే అంతా బాగైపోయింది.

సర్వేయరు ముప్పై ఐదేళ్లు జనం పొలాలు కొలిచి రిటైరయ్యాడు. ఆ చెయ్యి ఊరికే ఉండదు. టేపు పట్టి హాలంతా కొలిచి, ఏ స్పీకరు ఎక్కడుండాలో నేల మీద సుద్దముక్కతో గీతలు గీశాడు. సోఫా అంగుళం జరిగితే ఇంట్లో పంచాయితీ.

మెకానిక్ మోకాళ్ల మీద కూర్చుని, టార్చి నోట కరచుకుని టీవీ వెనక్కి దూరాడు. తెర మీద గుర్రాలు పరిగెడుతూనే ఉన్నాయి. ఇంతలో సర్వేయరు భార్య టీ, పళ్లెం నిండా బిస్కెట్లు తెచ్చి పెట్టింది.

“చిక్కిపోయావు బాబూ. వేళకి తింటున్నావా?”

గుర్రాల చప్పుడు టక్కున ఆగిపోయింది.

“తింటున్నానండీ,” అన్నాడు మెకానిక్, టార్చి తీసి.

“వంటెవరు చేస్తారు?”

“ఇద్దరమూ చేసుకుంటామండీ. కూర నాది, అన్నం తనది.”

“అన్నం మాడుస్తుందా?”

“రోజు విడిచి రోజు.”

ఆవిడ పకపకా నవ్వి, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ఖాళీ కప్పు తీసుకుని లోపలికి వెళ్లగానే గుర్రాలు మళ్లీ పరుగందుకున్నాయి.

“మధ్యలో సౌండు ఆగిందేంటండీ?” అడిగాడు మెకానిక్.

“రిమోటు. మొండికేస్తోంది,” అన్నాడు సర్వేయరు. ఆయన బొటనవేలు ఇంకా మీట మీదే ఉంది.

పావుగంటలో పని పూర్తయింది. వాన వంటింట్లోంచి హాల్లోకి వచ్చింది. గుర్రాలు బుద్ధిగా తమ దారిన తాము పోయాయి. మెకానిక్ లేచి చేతులు దులుపుకున్నాడు.

“ఒక్క మాట చెప్పాలండీ. ఇవి వాటంతటవి వచ్చిన తేడాలు కావు. వెనక ఎడమ స్పీకరు వైరు ఎవరో పట్టి లాగేశారు. రాగి పోగులు కూడా తెగాయి. అది మూగబోయి, వెనకవాటిలో వంటింటి గుమ్మం దగ్గరున్నది ఒక్కటే మోగింది. ముందున్న వైర్లు మాత్రం పుస్తకం చదివి, రంగులు చూసుకుని, స్క్రూలు విప్పి, కుడిది ఎడమకి, ఎడమది కుడికి శుభ్రంగా బిగించారు. ఇది ఒక చెయ్యి కాదు. ఇద్దరి చేతిపని.”

“ఎలకలై ఉంటాయి,” అన్నాడు సర్వేయరు.

“ఎలకలు స్క్రూడ్రైవరు పట్టవండీ.”

వంటింటి గుమ్మంలో ఆవిడ, సోఫాలో ఆయన ఒకరినొకరు చూసుకున్నారు.

“నువ్వా?”

“మీరా?”

రెండు గొంతులూ ఒకేసారి లేచాయి.

“ఆ మోతకి తల పగిలిపోతుంటే ఒక్క వైరు పీకాను. అంతే,” అంది ఆవిడ ముందుగా తేరుకుని.

“ఒక్కసారేనా?”

“వచ్చి వెళ్లిన ప్రతిసారీ... ఏదో ఒకటి. మరి మీకేమొచ్చింది? మోజుపడి కొనుక్కుని ఎవరైనా చేతులారా పాడుచేసుకుంటారా?”

సర్వేయరు నేల మీది సుద్దగీతను కాలి బొటనవేలితో చెరిపేస్తూ కూర్చున్నాడు. ఆ గీత మీద కాలు పెట్టిందనే నిన్న పనిమనిషితో గంటసేపు వాదించాడు.

మెకానిక్ కాగితం తీసి ఆయన ముందు పెట్టాడు. “ఇక్కడ సంతకం చెయ్యండి. ఉచిత సర్వీసు గడువు ఇవాళ్టితో సరి. మళ్లీ నేను రానక్కర్లేదు. ఎవరూ చెయ్యి పెట్టకపోతే పదేళ్లు ఢోకా లేదు.”

“పదేళ్లా?” అన్నాడు సర్వేయరు. ఆ గొంతు వింటే ఇంట్లో ఎవరికో జబ్బు చేసిందని డాక్టరు చెప్పినట్టుంది.

ఒక్క సంతకానికి ఆయనకు చాలాసేపు పట్టింది. ఆవిడ గుమ్మంలోంచి కదల్లేదు. మెకానిక్ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, సంచీ భుజాన వేసుకుని, వస్తానని తలూపి మెట్ల దాకా వెళ్లాడు.

“ఏమయ్యా, ఆగు!”

సర్వేయరు చెప్పుల్లేకుండానే బయటికి వచ్చాడు. గట్టు తగాదాల్లో రెండు ఊళ్ల జనం నోళ్లు ఒక్క అరుపుతో మూయించిన మనిషి, ఇప్పుడు రెయిలింగు పట్టుకుని రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

“వచ్చే ఆదివారం రావాలి.”

“మళ్లీనా? ఫాల్టు ఎందులో అండీ?”

“నాలోనే.”

మెకానిక్ భుజం మీది సంచీ మెల్లగా కిందికి జారింది.

“మా అమ్మాయిని కూడా తీసుకురండి, అల్లుడు గారూ.”